కుళాయి ఎండితే కోత పడేది జీతానికే



వేతనం, కరువు భత్యం, పింఛను, పని గంటలు అనే విషయాలపై ప్రభుత్వం మనతో కనీసం బల్ల ముందు కూర్చుంటుంది. ఇంటి నీటి ప్రస్తావన వచ్చేసరికి మాత్రం మాట మారుతుంది. అది కాలనీ నిర్వహణకు సంబంధించిన చిన్న విషయమని ఒకరంటారు. మునిసిపాలిటీ పని అని మరొకరంటారు. ఈ ఏడాది ఎండలు ఎక్కువని ఇంకొకరంటారు. చివరకు సమస్త బాధ్యతా వరుణదేవుని మీదికి పోతుంది.

మేము ఈ వాదాన్ని అంగీకరించము. ఇంటికి సరియైన నీరు రాని కారణంగా ఉద్యోగి ప్రతినెలా పెట్టే ఖర్చు అతని నిజ వేతనంలో పడుతున్న కోతయే. ఏ ఉత్తర్వూ జారీ కాకుండా, ఏ సంఘంతోనూ సంప్రదించకుండా, వేతన పత్రంలో ఒక్క అక్షరమైనా కనబడకుండా పడుతున్న కోత. కనుక నీటి ఖర్చు వేతన సమస్య. నీటి నిర్వహణ కార్మికోద్యమ సమస్య.

పద్దు పేరు మారింది, పాలు మారలేదు

1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ అవసరాలపై ఆధారపడిన కనీస వేతనానికి ప్రమాణాలను నిర్ణయించింది. మూడు వినియోగ యూనిట్ల కుటుంబానికి డాక్టర్ అక్రాయిడ్ సూత్రం ప్రకారం ఆహారం, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, ఇంధనం, దీపం, ఇతర చిల్లర ఖర్చుల నిమిత్తం మొత్తం వేతనంలో 20 శాతం అని అందులో ఉన్నది. ఆ జాబితాలో నీరు అనే పద్దు విడిగా లేదు. అది ఆనాటి పెద్దల మరపు కాదు. క్వార్టర్లలో కుళాయి, వీధిలో కుళాయి, పెరటిలో బావి ఉండేవి. నెలజీతగాడు త్రాగునీటిని డబ్బాల లెక్కన కొని ఇంటికి తెచ్చుకొంటాడని ఆనాడు వేతన సూత్రం వ్రాసినవారు ఊహించలేదు.

1991లో సుప్రీంకోర్టు రెప్టాకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం మొదలైన వాటికి 25 శాతాన్ని ఈ ప్రమాణాలకు చేర్చింది. నీరు అప్పుడూ రాలేదు. 2016 జనవరి 1 నుంచి అమలైన 7వ కేంద్ర వేతన సంఘం సిఫార్సులలో కనీస వేతనాన్ని 18,000 రూపాయలుగా లెక్కగట్టినప్పుడు ‘ఇంధనం, విద్యుత్తు, నీటి చార్జీలు’ అనే పద్దు కనబడింది. నీటికి చోటు దొరికిందని సంతోషించేలోగా అంకెను చూడండి. ఆ మూడింటికీ కలిపి కేటాయించినది సుమారు 2,304 రూపాయలు. ఏ ప్రాతిపదికన? అదే 1957 నాటి 20 శాతం! పద్దు పేరు మారింది, పాలు మారలేదు. ఆనాడు కిరసనాయిలు దీపానికీ, కట్టెలకూ సరిపడుతుందని వేసిన వాటాలోనే నేడు గ్యాసు బండ, కరెంటు బిల్లు, నీటి ఖర్చు ఇమడాలట!

ఈ మొత్తానికి 2025 జూలై నాటి 58 శాతం కరువు భత్యం కలిపినా అది సుమారు 3,640 రూపాయలకు చేరుతుంది. ఇప్పుడు ఒక కుటుంబం రోజుకు ఒక 20 లీటర్ల క్యాను 20 రూపాయలకు కొంటున్నదనుకొందాము. నెలకు 600 రూపాయలు. ఎండాకాలంలో నెలకు రెండు ట్యాంకర్లు, ఒక్కొక్కటి వెయ్యి రూపాయల చొప్పున తెప్పించుకొన్నదనుకొందాము. మొత్తం 2,600 రూపాయలు. మిగిలిన 1,040 రూపాయలతో గ్యాసు, కరెంటు రెండూ గడవాలి! మీ ఊరి ధరలు వేసి మీరే ఈ లెక్క చేసి చూడండి. ధరలలో తేడా రావచ్చును గాని, తేలే ఫలితం మారదు.

ఇంటింటికీ ఒక నీటి బోర్డు

కొన్న నీటితోనే ఖర్చు ముగియదు. కుళాయి రోజుకొక గంట, రెండు రోజులకొక గంట వచ్చేచోట ప్రతి ఇల్లూ తన సొంత నీటి బోర్డును నడుపుకోవలసి వస్తున్నది. నేలలో సంపు, దానికొక మోటారు, మేడమీద ట్యాంకు, మోటారుకు కరెంటు, వంటింటిలో ఆర్.ఓ. యంత్రం, ఏడాదికొకసారి దాని మరమ్మతు. ఆర్.ఓ. యంత్రం శుద్ధిచేసే నీటికన్న బయటకు పారబోసే నీరే తరచుగా ఎక్కువ. ఈ దుబారాను చూచే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట్ల ఇట్టి యంత్రాలను నిషేధించాలని ఆదేశించింది. సామూహికంగా ఒకచోట చవకగా జరగవలసిన పనిని లక్షల ఇండ్లలో విడివిడిగా, ఖరీదుగా, అరకొరగా చేయించడమే నేటి ‘నిర్వహణ’.

రూపాయలలో లెక్కకు రాని ఖర్చు మరొకటి ఉన్నది. రాత్రి రెండు గంటలకు నీరు వదిలితే మేలుకొనేది ఎవరు? లోకో పైలట్ లైనుమీద ఉంటాడు. ఆర్.ఎం.ఎస్. సార్టరు సంచుల మధ్య ఉంటాడు. పాయింట్స్‌మన్ యార్డులో ఉంటాడు. బిందెలు నింపేది ఇంటి ఇల్లాలు. ఆమె స్వయంగా ఉద్యోగిని అయితే, ఆ నిద్ర లేని కళ్ళతోనే తెల్లవారి కౌంటరు ముందు కూర్చోవాలి. ఈ శ్రమకు ఓవర్‌టైము లేదు, నైట్ డ్యూటీ భత్యం అసలే లేదు.

ఒకే నీటికి మూడు ధరలను పోల్చి చూడండి. నగరాలలో గృహ వినియోగానికి కుళాయి నీరు వెయ్యి లీటర్లు పదుల రూపాయలలోనే దొరుకుతుంది. 20 రూపాయల క్యాను లెక్కన అదే వెయ్యి లీటర్లకు వెయ్యి రూపాయలు. ఇక మన రైల్వేల సొంత సీసా నీరు ‘రైల్ నీర్’ లీటరు ధరను 2025 సెప్టెంబరులో 15 రూపాయలనుంచి 14కు తగ్గించామని గొప్పగా ప్రకటించారు. ఆ లెక్కన వెయ్యి లీటర్లకు 14,000 రూపాయలు! కుళాయి ఎంత పాడైతే క్యాను వ్యాపారం అంత బాగుపడుతుంది. కుళాయిని బాగుచేయడానికి పెట్టుబడి లేదనే దేశంలో, దాని పక్కనే నీళ్ళ దుకాణం పెట్టడానికి పెట్టుబడి ఏనాడూ కరవు కాలేదు.

ఇంజనుకు దొరికిన నీరు మనిషికి దొరకదా?

ఆవిరి ఇంజన్ల కాలంలో నీరు లేనిదే బండి కదిలేది కాదు. అందుచేత రైల్వే యాజమాన్యాలు నదులనుంచి, చెరువులనుంచి, బావులనుంచి నీటిని తోడి ఎత్తయిన ట్యాంకులను నింపి స్టేషన్లలో వాటర్ కాలమ్‌లు నిలిపినవి. కరవు సీమలోనైనా సరే, ఇంజను దాహం తీర్చడానికి దారి దొరికింది. ఇంజను ఆగితే రాబడి ఆగుతుంది గనుక దొరికింది. గ్యాంగ్‌మన్ ఇంటి కుళాయి ఆగితే ఏ రాబడీ ఆగదు గనుక నేటికీ దారి దొరకడం లేదు. సాంకేతిక సామర్థ్యం లేక కాదు, ప్రాధాన్యం లేక.

నీరు ఎవరి చేతిలో ఉంటే వారికి అధికారం ఉంటుందనే సత్యాన్ని మన ఉద్యమం 1974లోనే అనుభవించింది. ఆ సంవత్సరం మే 8 నుంచి 27 వరకు సాగిన సమ్మెను అణచడానికి అరెస్టులు, బర్తరఫులు, క్వార్టర్లనుంచి గెంటివేతలు చాలలేదు. పలు రైల్వే కాలనీలలో నీటినీ, విద్యుత్తునూ నిలిపివేశారు. పసిబిడ్డల గొంతు ఎండబెట్టి తండ్రిచేత పనిలోకి వస్తానని చెప్పించాలని చూచారు. కాలనీ కుళాయి చిన్న విషయమని చెప్పేవారు ఆ మాట ఆనాటి కుటుంబాలకు చెప్పి చూడాలి.

అదే రైల్వే కార్మికులు దేశం దాహంతో ఉన్నప్పుడు ఏమి చేశారు? 2016 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని లాతూరు ఎండిపోయినప్పుడు మిరజ్‌నుంచి నీటి రైళ్ళు నడిపారు. మొదటి బండి పది వ్యాగన్లలో 5 లక్షల లీటర్లను చేర్చింది. 2019 జూలైలో చెన్నై జలాశయాలు అడుగంటినప్పుడు జోలార్‌పేటనుంచి 50 వ్యాగన్ల బండి 25 లక్షల లీటర్లను తీసుకొనిపోయింది. ఆ బండ్లను నడిపినవారిని చూచి గర్విస్తున్నాము. అయితే ఒక లెక్క వేయవలసి ఉన్నది. కేంద్ర ప్రభుత్వమే నగరాలకు నిర్ణయించిన ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. ఆ ప్రకారం 25 లక్షల లీటర్లు సరిపోయేది సుమారు 18,500 మందికి, అదీ ఒక్క రోజుకు! వ్యాగన్లు ఆపద్ధర్మానికే గాని నిత్య ధర్మానికి పనికిరావు. పూడుకొనిపోయిన చెరువులకూ, కారిపోయే గొట్టాలకూ ఏ రైలూ ప్రత్యామ్నాయం కాజాలదు.

గొట్టంలో జరిగేది ఏమిటి?

నిర్వహణ అనే మాటకు అర్థం కాగితాలలో కాదు, నేలలోపలి గొట్టంలో ఉన్నది. మన పట్టణాలలో మంచినీటి గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కనే పోతూ ఉంటాయి. నీరు నిరంతరం ఒత్తిడితో ప్రవహించినంతకాలం పగుళ్ళనుంచి మంచినీరు బయటకు కారుతుంది. సరఫరా ఆపగానే గొట్టంలో ఒత్తిడి పడిపోయి, అవే పగుళ్ళనుంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. మళ్ళీ నీరు వదిలినప్పుడు మొదటి బిందెలోకి వచ్చేది ఆ మురుగే. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో పదిమందికి పైగా ప్రాణాలు పోయినవి ఈ కలుషిత నీటివల్లనే. 2018 మార్చిలో గుంటూరు నగరంలో అతిసారంతో జనం మరణించినదీ ఈ కలుషిత నీటివల్లనే. ఏ ధనవంతుల వీధిలోనూ ఇది జరగలేదని వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని నివారించేది ఎవరు? వాల్వు త్రిప్పే మనిషి, లీకేజీ వెదికే లైన్‌మన్, క్లోరిన్ మోతాదు చూచే పంపు ఆపరేటరు. ఈ పనులనే నేడు ముక్కలుగా కోసి కాంట్రాక్టరుకు అప్పగిస్తున్నారు. మా దృష్టికి వచ్చిన ఒక జంక్షన్ కాలనీలో పంపుహౌసును కాంట్రాక్టుకు ఇచ్చిన తరువాత, మోటారు కాలిపోతే బాధ్యత ఎవరిదని తేల్చడానికే పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ట్యాంకర్లకు చెల్లించినది ఉద్యోగులే. ఆ నెల వేతన పత్రంలో నీటి చార్జీ కోత మాత్రం యథావిధిగా, ఒక్క పైసా తగ్గకుండా కనబడింది! సరఫరా చేయని సరుకుకు బిల్లు వేసే వ్యాపారిని లోకం ఏమంటుందో మనము వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రామాలలో పనిచేసే మన గ్రామీణ డాక్ సేవకుల మాట మరువరాదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రతి గ్రామీణ గృహానికీ 2024 నాటికి కుళాయి ఇస్తామన్నది. గడువును తరువాత 2028కి పొడిగించారు. అందులో పెట్టుకొన్న ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. నగరంలోని గుమాస్తాకు 135, గ్రామంలో తపాలా సంచి మోసేవానికి 55! పల్లెవాని దాహం పట్టణవాసి దాహంలో సగమైనా కాదా?

‘ప్రైవేటుకు ఇస్తే బాగుపడుతుంది’

ఈ దుస్థితిని చూపించే కొందరు మేధావులు మందు చెబుతారు: నీటి సరఫరాను కంపెనీలకు అప్పగించండి, వినియోగదారుడు ఖర్చంతా చెల్లించాలి, పోటీ వస్తుంది, సామర్థ్యం వస్తుంది అని. ఒక వీధిలో ఒకే గొట్టం ఉంటుంది. ఆ గొట్టం నచ్చకపోతే మరొక కంపెనీ గొట్టానికి మారే వీలు ఎవరికీ లేదు. పోటీకి తావే లేనిచోట కంపెనీకి అప్పగించేది గుత్తాధిపత్యాన్ని మాత్రమే.

అనుభవం ఏమి చెబుతున్నది? బొలీవియాలోని కోచబాంబ నగరంలో బహుళజాతి సంస్థల కూటమికి నీటిని అప్పగించగానే చార్జీలు భారీగా పెరిగినవి. కార్మిక నాయకుడు ఆస్కార్ ఒలివేరా వంటివారి నాయకత్వంలో కార్మికులు, రైతులు, పట్టణ పేదలు కలసి వీధులలోకి రాగా, 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందం రద్దయినది. మన దేశంలోనే 1998లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోని శివనాథ్ నదిలో సుమారు 23 కిలోమీటర్ల మేర ఒక ప్రైవేటు సంస్థకు 22 ఏళ్ళకు అప్పగించారు. తరతరాలుగా వాడుకొంటున్న నదిలోకి దిగడానికే గ్రామస్థులకు అడ్డంకులు వచ్చినవి. పారిస్ నగరం దీర్ఘకాలం కంపెనీలచేత నీటిని నడిపించి, 2010లో తిరిగి తన చేతిలోకి తీసుకొన్నది. పెట్టుబడిదారీ దేశపు రాజధానియే వదిలించుకొన్న విధానాన్ని మనకు కొత్త మందుగా అమ్ముతున్నారు!

ప్రభుత్వ నిర్వహణ అనగానే అసమర్థత అనుకోవడం అబద్ధం. కంబోడియా రాజధాని నోంపెన్‌లో 1993లో నీటిలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేది. అక్కడి ప్రభుత్వ సంస్థయే, ఎక్ సోన్ చాన్ నాయకత్వంలో, దొంగ కనెక్షన్లనూ లీకేజీలనూ అరికట్టి, పలుకుబడి గలవారిచేత కూడా బిల్లు కట్టించి, ఆ నష్టాన్ని 6 శాతం దరిదాపులకు దించింది. మన పొరుగు ఒడిశాలోని పూరీ పట్టణంలో 2021 జూలైలో ప్రభుత్వ సంస్థ ద్వారానే, కుళాయినుంచి నేరుగా త్రాగదగిన నీటిని రోజంతా ఇచ్చే పథకం ప్రారంభమైంది. నల్లగొండ జిల్లాలో తరతరాల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ పీడకు విరుగుడు ఏ సీసా కంపెనీ కనిపెట్టలేదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలను ప్రజాధనంతో గ్రామాలకు చేర్చినప్పుడే ఆ పీడకు అడ్డుకట్ట పడసాగింది. లోపమంతా ప్రభుత్వ రంగానిది కాదు, ప్రభుత్వ రంగాన్ని మనుషులు లేకుండా, నిధులు లేకుండా, లెక్క అడిగేవారు లేకుండా ఎండగట్టిన విధానానిది.

‘ఊరికే ఇస్తే విలువ తెలియదు’

ఇది మరొక వాదం. దీనికి మా సమాధానం స్పష్టం. నీటిని తోడడానికి కరెంటు కావాలి, శుద్ధికి రసాయనాలు కావాలి, పనిచేసేవారికి న్యాయమైన వేతనం కావాలి. హైదరాబాదు వంటి నగరం కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకొంటున్నది. ఈ ఖర్చును మేము కాదనము. ఆ ఖర్చు ఎవరు, ఏ క్రమంలో భరించాలన్నదే ప్రశ్న. బ్రతుకుకు అవసరమైన పరిమాణం హక్కుగా అందాలి. ఈతకొలనులకూ, పచ్చిక మైదానాలకూ, పరిశ్రమలకూ వాడేవారు పెరిగే రేటున చెల్లించాలి. 1991లో సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో స్వచ్ఛమైన నీటిని జీవించే హక్కులో భాగంగా పేర్కొన్నది. 2010 జూలైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ నీటిని మానవ హక్కుగా గుర్తించింది. హక్కుకు ముందు డబ్బు కట్టి రసీదు తెచ్చుకోమనడం న్యాయం కాదు.

2015లో ఢిల్లీలోనూ, 2021 జనవరినుంచి హైదరాబాదులోనూ గృహాలకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకాలు వచ్చినవి. వీటిని స్వాగతించవలసినదే. అయితే ఉచితం అందేది గొట్టం ఉన్న ఇంటికే. గొట్టం లేని శివారు కాలనీలో అద్దెకుండే పోస్ట్‌మన్ ట్యాంకరుకు పూర్తి ధర కడుతూనే ఉంటాడు. గొట్టం వేయకుండా ప్రకటించే ఉచితం లేనివానికి అందదు.

మన కోర్కెలు

ఈ పరిస్థితులలో మేము ఈ క్రింది కోర్కెలను ముందుంచుతున్నాము.

1. 2025 నవంబరులో నియమితమైన 8వ కేంద్ర వేతన సంఘం కనీస వేతనపు లెక్కలో నీటిని ఇంధనంనుంచి వేరుచేసి, నేడు కుటుంబాలు వాస్తవంగా భరిస్తున్న ఖర్చు ప్రాతిపదికన ప్రత్యేక పద్దుగా చేర్చాలి. 1957 నాటి 20 శాతం వాటాను సవరించాలి.

2. రైల్వే, తపాలా క్వార్టర్లలో మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరాకు హామీ ఇవ్వాలి. అది అందని రోజులకు నీటి చార్జీ కోయరాదు. ట్యాంకరు ఖర్చు యాజమాన్యమే భరించాలి.

3. పంపుహౌసులలో, నీటి లైన్లలో ఖాళీగా ఉన్న పోస్టులను శాశ్వత ప్రాతిపదికన భర్తీ చేయాలి. ప్రస్తుతం పనిచేస్తున్న కాంట్రాక్టు కార్మికులకు సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలి.

4. ప్రతినెలా చివరి ఇంటి కుళాయివద్ద నీటిని పరీక్షించి, ఫలితాన్ని కాలనీ నోటీసు బోర్డులో తెలుగులో పెట్టాలి. అక్కడ మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదనే జాతీయ ప్రమాణాన్ని అమలుచేయాలి.

5. ప్రతి ప్లాట్‌ఫారంమీద ఉచిత మంచినీటి కుళాయిలు ఎల్లవేళలా పనిచేయాలి. సీసాల అమ్మకం కుళాయిల నిర్లక్ష్యానికి సాకు కారాదు.

6. పట్టణ నీటి సరఫరా నిర్వహణను ప్రైవేటు సంస్థలకు అప్పగించరాదు. నీటి బోర్డులలో ఉద్యోగులకు, నివాసులకు ప్రాతినిధ్యం కల్పించాలి.

శాఖల కర్తవ్యం

కోర్కెలు కాగితంమీద ఉంటే కుళాయిలో నీరు రాదు. ప్రతి శాఖా తన పరిధిలోని కాలనీలలోనూ, అద్దె ఇండ్లలోనూ ముప్పది రోజులపాటు నీటి దినచర్య వ్రాయించాలి. నీరు ఏ వేళకు వచ్చింది, ఎన్ని నిమిషాలు వచ్చింది, ఎన్ని క్యాన్లు కొన్నారు, ట్యాంకరుకు ఎంత చెల్లించారు, ఇంటిలో ఎవరైనా జబ్బుపడ్డారా అన్నది ఏ రోజుకారోజు నమోదు కావాలి. ఈ పనిలో ఉద్యోగుల కుటుంబాలలోని మహిళలను ముందు నిలపాలి. ఈ విషయంలో వారికి తెలిసినంత మరెవరికీ తెలియదు. ఆ వివరాలను కాలనీ కేర్ కమిటీలలో, పి.ఎన్.ఎం. సమావేశాలలో, జె.సి.ఎం.లో తేదీలతో సహా బల్లమీద పెట్టాలి. ‘నీళ్ళు సరిగా రావడం లేదు’ అనే మాటను అధికారి త్రోసివేయగలడు. నూరు ఇండ్ల ముప్పది రోజుల లెక్కను అంత తేలికగా త్రోసివేయజాలడు.

మునిసిపల్ నీటి కార్మికులు మనకు ఎదుటి పక్షం కాదు. వారి జీతాలు నెలలతరబడి నిలిచినప్పుడు మన కాలనీలకు వచ్చే నీరూ ఆగుతుంది. వారి పోరాటంలో మన జెండా ఉండాలి, మన పోరాటంలో వారి జెండా ఉండాలి. రిజర్వాయరునుంచి వంటింటి బిందెదాకా నీటిని చేర్చేది శ్రామికుని చేతులే. ఆ నీటికి ధర నిర్ణయించే హక్కు మాత్రం ఆ చేతులకు లేకపోవడమేమి?

ఇంజనుకు నీరు పట్టి, కరవు సీమకు నీటి బండ్లు నడిపిన కార్మికవర్గం తన ఇంటి కుళాయికోసం ఎవరినీ దేబిరించనక్కరలేదు. లెక్కలతో అడుగుదాము, సంఘటితంగా నిలిచి సాధిద్దాము.

నీటి ఖర్చును వేతన లెక్కలో చేర్చాలి!
ప్రజల నీరు ప్రజల నిర్వహణలోనే ఉండాలి!
రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!